క్యామ్ మారిస్తే పిస్టన్‌కు వాల్వ్ తగులుతుందా?

ప్రశ్న: పుష్‌రాడ్ ఇంజన్‌కి పెద్ద వాల్వులున్న హెడ్లు, ఎక్కువ లిఫ్ట్ ఉన్న (అంటే వాల్వ్‌ని ఎక్కువ దూరం తెరిచే) క్యామ్‌షాఫ్ట్ వేస్తున్నాను. అమ్మినవాళ్లు ‘ఈ లిఫ్ట్ దాకా ఏం కాదు’ అన్నారు. అయినా కొలవాలా?

జవాబు: కొలవాల్సిందే. లిఫ్ట్ అంకె చూసి ధైర్యం చెప్పేవాళ్లను నేను నమ్మను. వాల్వ్ పూర్తిగా తెరుచుకునేసరికి పిస్టన్ చాలా కిందికి దిగిపోయి ఉంటుంది. అసలు గండం ఓవర్‌లాప్‌లో, అంటే రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే సమయంలో. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటుంటే పిస్టన్ దాన్ని తరుముతూ పైకొస్తుంది. టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థానానికి) క్రాంక్ 10-15 డిగ్రీల ముందు ఎగ్జాస్ట్, దాటాక అంతే దూరంలో ఇన్‌టేక్ బాగా దగ్గరపడతాయి.

క్లే ముద్ద పద్ధతి పాతదే, కానీ వాల్వ్ అంచుకీ, పిస్టన్ తల మీద వాల్వ్ కోసం చెక్కిన గాడికీ మధ్య పక్క సందు ఎంతో అదే చూపిస్తుంది. పిస్టన్ మీద క్లే అద్ది, పైన కాస్త నూనె రాయండి, లేకపోతే వాల్వ్‌కి అంటుకుని ఊడొస్తుంది. అదే మందం గల వాడిన గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. తర్వాత క్లేని బ్లేడుతో నిలువునా కోసి, అతి పల్చటి చోట మందం కొలవండి, అదే సందు.

లిఫ్టర్లు (క్యామ్ తోపును పుష్‌రాడ్‌కి అందించే ముక్కలు) లోపల నూనెతో పనిచేసే హైడ్రాలిక్‌వి అయితే, కొలిచేటప్పుడు అణగని సాలిడ్‌వి పెట్టండి. హైడ్రాలిక్‌వి అణిగితే సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

సాధారణంగా ఇన్‌టేక్‌కి 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. సందు కనీసం వదులుతారు. హెడ్ చెక్కించినా, క్యామ్ టైమింగ్ జరిపినా మళ్లీ మొదట్నుంచి కొలవండి.