జపాన్‌లో పెళ్లికి నల్ల కిమోనో కట్టుకుంటారా? అశుభం అనుకోరా?

కట్టుకుంటారు. అదీ ఎవరో దూరపు చుట్టాలు కాదు, సాక్షాత్తూ పెళ్లికూతురి తల్లి, పెళ్లికొడుకు తల్లి. దాన్ని కురోతొమెసొదె అంటారు. పెళ్లయిన ఆడవాళ్లకు అంతకు మించిన గౌరవప్రదమైన కిమోనో లేదు.

మావారి ఆఫీసులో పనిచేసే అమ్మాయి పెళ్లి యోకొహామాలో ఒక హోటల్లో జరిగింది. వాళ్లమ్మగారిని ముస్తాబు చేస్తుంటే నేనూ ఆ గదిలోనే కూర్చున్నాను. నల్లటి పట్టు, నడుము పైన ఒక్క పువ్వు లేదు. వీపు మీద ఒకటి, చేతుల వెనక రెండు, ఎద మీద రెండు తెల్లటి వంశ ముద్రలు. కింద అంచులో మాత్రం బంగారు రంగు కొంగలు ఎగురుతున్నాయి. మెడ దగ్గర నలుపు కింద నుంచి సన్నగా తెల్లటి పొర కనిపిస్తుంది. శుభం మీద శుభం కలగాలని రెండు కిమోనోలు తొడుక్కున్నట్టు కుడతారట. నడుముకి చుట్టిన జరీ ఒబీలో, అంటే వెడల్పాటి నడికట్టులో, చిన్న విసనకర్ర దోపారు. ఆవిడకి చెమటలు కారుతున్నా దాన్ని తియ్యలేదు. అది మర్యాదకే తప్ప విసురుకోవడానికి కాదు!

ఫొటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టానో లేదో, మా పెద్దమ్మ ఫోను. "అదేంటే, కూతురి పెళ్లిలో కన్నతల్లికి నల్లబట్టలేంటి?" అని. ఈవిడే, నేను నల్లపూసలు తీసి పక్కన పెడితే ఇల్లు పీకి పందిరేస్తుంది. పొద్దున్నే గులాబీల గుడ్ మార్నింగులు పంపడానికీ, మనకి సంబంధం లేని పెళ్లికి వంకలు పెట్టడానికీ తప్ప ఆ గ్రూపు దేనికీ పనికిరాదు.

చావుకీ నల్ల కిమోనోనే, కాదనను. కానీ దాని మీద ఐదు ముద్రలు తప్ప ఇంకేమీ ఉండదు. కొంగలుండవు, లోపలి తెల్లపొర ఉండదు, ఒబీ నలుపు, దాని మీద కట్టే తాడూ నలుపే. వెనక ముడి కూడా ఒంటి పొరతోనే కడతారు, దుఃఖం రెండోసారి రాకూడదని. పెళ్లిలో అదే రెండు పొరలు. పైగా ఒకప్పుడు అక్కడ చావుకి కట్టింది ఎక్కువగా తెలుపే. మెయిజీ చక్రవర్తి కాలంలో, అంటే 1868 తర్వాత, పడమటి దేశాల వాళ్లను చూసి నలుపుకి మారారు. నన్నడిగితే రంగులో ఏ దోషమూ లేదు, చూడాల్సింది అంచూ ఒబీ.

అది చూడకుండానే మనవాళ్లు పాత బట్టల కొట్లో చవగ్గా వస్తోందని సాదా నల్ల కిమోనో కొనేసి, గుడి ముందు నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. కొనేముందు కింద అంచు ఒకసారి తిప్పి చూడండి. బొమ్మ లేకుండా ఐదు ముద్రలే ఉంటే అది చావుకి కట్టుకునేది.