ఆ పాపను ఒక్క వాక్యంలో వదిలేశావు

పెరంబూరు,
చెన్నై

ప్రియమైన సోదరికి,

వందనాలు. నన్ను ఆంటీ అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను. సండే స్కూల్ పిల్లల దగ్గర దేవుని నమ్మకత్వం గురించి నువ్వు నేర్చుకున్న ఏడు పాఠాలంటూ రాసి పంపిన వ్యాసం చదివాను. తెలుగు బాగుంది. ఇక సూటిగా విషయానికి వస్తాను, ఎందుకంటే చదువుతుంటే నాకు కోపం వచ్చింది.

మూడో పేజీలో ఆరేళ్ల పాప ఒకతె ఉంది. ప్రార్థన మనవులు అడిగినప్పుడల్లా చెయ్యెత్తి, "మా నాన్న తాగకూడదు" అంటుంది. ఈ ఆదివారం కూడా అదే అడిగిందని రాశావు. వెంటనే, "దీని నుండి మనం నేర్చుకునే మూడవ పాఠం పట్టుదల" అనేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ పాప మళ్లీ కనబడదు. ఇంటి తాళంచెవి పోయి, ప్రార్థన చేయగానే సోఫా కింద దొరికిన బాబుకు మాత్రం పేజీన్నర! ఎందుకమ్మా? వాడికి జవాబు వచ్చింది, ఈమెకు ఇంకా రాలేదు, అంతేనా?

దేవుడు నమ్మదగినవాడని రాసేవాళ్లు మధ్యలో గడిచిన కాలాన్ని కత్తిరించకూడదు. ఇది నేను ఎవరితోనైనా, ఎంతసేపైనా వాదించే మాట. "ప్రార్థన చేశాం, జరిగింది" అంటారు. ఆ రెండింటి మధ్య ఎన్నాళ్లు పట్టింది, అన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది అన్నది రాయరు. బైబిలు అలా రాయలేదు. కొడుకునిస్తానని దేవుడు మాటిచ్చిన అబ్రాముకు ఆదికాండము 16వ అధ్యాయం చివర 86 ఏళ్లు. 17వ అధ్యాయం మొదట 99. మధ్యలో 13 ఏళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ వయసులను మాత్రం దాచకుండా పెట్టింది. ఐగుప్తు రాజు ఫరోకు ద్రాక్షారసం అందించే పానదాయకుడు చెరసాలలో ఉన్న యోసేపును మరిచిపోయిన తర్వాత రెండేళ్లు గడిచాయని లెక్క చెప్పింది. మనకేమో రెండు వారాలు కూడా ఎక్కువే అయిపోయాయి.

నీ వ్యాసం పైన విలాపవాక్యములు 3:23 పెట్టుకున్నావు. "నీవు ఎంతైన నమ్మదగినవాడవు." మంచి వాక్యమే, మన క్యాలెండర్లన్నిటి మీదా ఉంటుంది, కింద సూర్యోదయం బొమ్మతో. ఈమధ్య రీల్స్‌లో డ్రోన్ షాట్ కూడా జతయింది. ఆ పుస్తకం మొత్తం ఒకసారి చదువు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిపోయాక ఏడుస్తూ రాసిన అయిదు అధ్యాయాలవి. రెండో అధ్యాయంలో పిల్లలు అన్నం ఏదని తల్లులను అడుగుతారు. నాలుగో అధ్యాయంలోనూ పసివాళ్లు అన్నం అడుగుతూనే ఉన్నారు, పెట్టేవాళ్లు లేరు. నీ వాక్యం ఆ రెండింటి మధ్య ఉంది. పుస్తకం దానితో అయిపోలేదు. నువ్వు ఉన్నదీ పిల్లల మధ్యే, ఆ పక్క వచనాలు నీకు కనబడకపోతే ఎలా?

2015 డిసెంబరు వరదల నాటికి నేను సైదాపేట వైపు పిల్లలకు సండే స్కూల్ చెప్పేదాన్ని. చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలారు, అడయారు పొంగింది, మా పిల్లల్లో సగం మంది ఇళ్లు మునిగాయి. క్రిస్మస్ దాటాక, జనవరిలో, జలప్రళయంలో ఓడ ఎక్కి బతికిన నోవహు పాఠం చెప్పాను. నలభై రోజుల వాన, పావురం, ఇంద్రధనుస్సు, అందరూ చెప్పే వరసే. ఒక బాబు లేచి, "వాన ఆగింది కదా ఆంటీ, నోవహు వెంటనే ఎందుకు దిగలేదు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పిల్ల, "బురదుంటుంది కదరా!" అంది. ఇక క్లాసంతా ఒకటే గోల. మేడ మీద పరుపు ఎండనే లేదని ఒకడు. టెక్స్ట్ బుక్కు ఉబ్బి ఇంతయిందని ఒకతె చేతులు చాపి చూపించింది. బీరువా కింద చేప దొరికిందని ఇంకొకడు. అంతా సగం తమిళం, సగం తెలుగు.

అప్పుడు బైబిలు తీసి తేదీలు చదివాను. నోవహు 600వ ఏట రెండవ నెల 17వ రోజున జలప్రళయం మొదలైంది. 150 రోజులు నీళ్లు ప్రబలంగానే ఉన్నాయి. నేల పూర్తిగా ఆరింది మరుసటి ఏడు రెండవ నెల 27న. ఏడాది దాటింది! మొదట లేచిన బాబే మళ్లీ అడిగాడు, "అన్ని రోజులూ దేవుడు వాళ్లతో మాట్లాడాడా?" పేజీలు తిప్పి చూశాను. తలుపు మూసిన దగ్గర నుంచి బయటికి రమ్మని చెప్పేదాకా ఆయన నోవహుతో ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. అదే చెప్పాను. "మరి మర్చిపోలేదని వాళ్లకెలా తెలుసు?" అన్నాడు.

దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడని ఆదికాండము 8వ అధ్యాయం మొదటి వచనంలో ఉంది. అది చదువుతున్న మనకు తెలిసిన సంగతి. ఓడలో కూర్చున్నవాళ్లకు ఆ వచనం లేదు. ఎక్కకముందు ఆయన ఇచ్చిన మాట ఒక్కటే వాళ్ల దగ్గరుంది. ప్రతి ఆదివారం చెయ్యెత్తే నీ పాప అక్కడుంది, తల్లీ. పోయిన వారం అడిగింది జరగకపోయినా ఈ వారం మళ్లీ ఆయన్నే అడుగుతోందంటే, ఆయన్ని నమ్మదగినవాడని అంటున్నట్టే కదా. దానికి "మూడవ పాఠం" అని నెంబరు వేసి పక్కన పెడతావా?

ఆ నోవహు పాఠం గురించి రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. "సాక్ష్యానికి ముగింపు లేదు, ఆ కుటుంబాలకు దేవుడు ఎలా మేలు చేశాడో చేర్చి పంపండి" అని తిప్పి పంపారు. పిల్లల ఇళ్ల గోడలకు అప్పటికింకా చెమ్మ ఆరలేదు, నేనేం చేర్చను? ఒక వారపత్రికకు పంపితే ఆ సంపాదకుడు ఫోన్ చేసి, పిల్లల మాటలు అద్భుతం, దేవుడి పేరు తీసేస్తే వేసుకుంటామన్నాడు. ఒకరికి బురద వద్దు, ఇంకొకరికి దేవుడు వద్దు. చివరికి మా సంఘం వార్షికోత్సవ సంచికలో వచ్చింది, వంటవాళ్ల ప్రకటన పక్కన. ఈ రెండు రకాల వాళ్లూ నీకూ ఎదురవుతారు. వాళ్ల కోసం నీ పిల్లలను దిద్దకు.

దిద్దడం అంటే గుర్తొచ్చింది. నీ వ్యాసంలో నాలుగేళ్ల బాబు, "ఆంటీ, ప్రభువు తన వాగ్దానములను నెరవేర్చును" అంటాడు. ఏ పిల్లాడు అన్నాడమ్మా ఆ మాట? చెన్నై తెలుగు పిల్లలు కంఠత వాక్యాన్ని తమిళ లిపిలో రాసుకుని అప్పజెబుతారు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన తర్వాత తెలుగు అక్షరం రాని పిల్లలు మరీ ఎక్కువయ్యారు. వాళ్ల నోట బైబిలు తెలుగు పెడితే పిల్లాడు పోయి పాస్టరుగారు మిగులుతారు. విన్నది విన్నట్టు రాయి. బిస్కెట్ ఎప్పుడిస్తారని మధ్యలో అడిగితే అదీ రాయి.

ఒక జాగ్రత్త. మన సంఘాలు చిన్నవి, "తాగే నాన్న" అనగానే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పేరు, వయసు, వీధి మార్చు. వాళ్లమ్మకు చదివి వినిపించి, ఆమె సరేనంటేనే బయటికి పంపు. వద్దంటే నీ దగ్గరే ఉంచుకో. ఆ పాప నిన్ను నమ్మి క్లాసులో చెప్పిన మాట అది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ మాట ఇప్పుడు వద్దు. ఏడు పాఠాలు, తాళంచెవి, క్యాలెండర్ వాక్యం, మూడూ తీసేసి ఆ పాప గురించే రాయి. చెయ్యెత్తేటప్పుడు ఎటు చూస్తుంది? ఎవరి పక్కన కూర్చుంటుంది? ఆమెను తీసుకెళ్లడానికి ఎవరొస్తారు? ఆమె అడిగినప్పుడు నువ్వేమంటావు, ఏమనలేకపోతావు? వాళ్ల నాన్న ఇంకా మానలేదు కాబట్టి మానినట్టు రాయకు. మే నెలలో వి.బి.ఎస్. (పిల్లల వేసవి సెలవుల బైబిలు తరగతులు) మొదలైతే చార్టులు, యాక్షన్ సాంగులతో నీకు తీరిక దొరకదు, ఈలోపే పంపు. పాప ఇంటిపేరు మాత్రం నాకు కూడా రాయకు.

ప్రభువునందు,
మీ ఆంటీ