స్టాల్‌లో మూడు రోజులు నిలబడాలంటే ఏం వేసుకోవాలి?

హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో మూడు రోజులు కంపెనీ స్టాల్ చూసుకోవాలి, ఫార్మల్‌గా రమ్మన్నారు, ఏం వేసుకుంటే ఇబ్బంది ఉండదు అని అడిగారు కదా. మాది ప్యాకింగ్ మెషీన్ల కంపెనీ. ఏడేళ్లుగా ఏటా రెండు మూడు ఎగ్జిబిషన్లలో నిలబడుతున్నాను. బట్టల సంగతి తర్వాత, ముందు కాళ్ల సంగతి చూసుకోండి.

మొదటిసారి నేను మొన కోసుగా ఉన్న కొత్త నల్ల బెల్లీస్ కొనుక్కుని వెళ్లాను. భోజనాల వేళకే రెండు మడమల మీదా బొబ్బలు. రెండో రోజు ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులతో టేబుల్ వెనకాల నిలబడ్డాను. టేబుల్‌కి కింద దాకా గుడ్డ కప్పి ఉంటుంది, ఎవరికి కనబడుతుందిలే అని. అంతలో గుంటూరు నుంచి వచ్చిన పచ్చళ్ల వ్యాపారి ఒకాయన "ఏదీ, ఒకసారి నడిపి చూపించమ్మా" అన్నారు. మెషీనేమో స్టాల్‌లో అటు చివర! ఫార్మల్ ప్యాంటు కింద నీలం పట్టీల చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లాను. ఆయన కిందకి చూసి, "చెప్పు కరిచిందా తల్లీ? ముందు రోజే లోపల కొబ్బరి నూనె రాయాల్సింది" అన్నారు. మెషీన్ మాత్రం కొన్నారు లెండి.

అందుకని, ఇప్పటికే నెల రోజులు తొడిగి అలవాటైన బూట్లే వేసుకోండి. కొత్తవి కొనక తప్పదంటే సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, స్టాల్‌లో సాయంత్రానికి ఉండే సైజు అదే. నేను రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేస్తాను. మధ్యాహ్నం సాక్సులు మారుస్తాను. చిన్న పనే, కానీ మొహం కడుక్కున్నంత హాయిగా ఉంటుంది.

ఇక బట్టలు. హాల్లో ఏసీ అని స్వెటర్ ఒక్కటీ పట్టుకెళితే సరిపోదు. పొద్దున ఖాళీ హాల్లో వణుకు, మధ్యాహ్నం జనం వచ్చాక, నెత్తి మీద స్పాట్‌లైట్లతో ఉక్కపోత. పల్చటి కాటన్ కుర్తా, పైన తీసి కుర్చీకి తగిలించే జాకెట్ లాంటిది ఏదైనా మేలు. సామాను సర్దే రోజు మాకు ఏసీ వేసింది ఎప్పుడూ చూడలేదు, ఆ రోజుకి పాత టీషర్టు చాలు. కుర్తాకి జేబులు తప్పనిసరి. దర్జీ చేత రెండు పెట్టించుకోండి, ఒకటి మీ విజిటింగ్ కార్డులకి, ఒకటి వాళ్లిచ్చేవాటికి. ఒకే జేబులో వేసి, ఆర్డర్ ఇస్తానన్న మనిషి కార్డు తీసి ఇంకొకాయనకి ఇచ్చేశాను ఒకసారి.

కంపెనీ టీషర్టు ఇస్తే ఒక సైజు పెద్దది అడగండి, ఒకసారి ఉతికాకే వేసుకోండి. చీర కట్టుకోమంటే గంజి పెట్టిన కాటన్ వద్దు, పది సార్లు వంగి లేచేసరికి నలిగిపోతుంది. కుచ్చిళ్లు అంగుళం పైకి కట్టి, ఎక్స్‌ట్రా పిన్నీసులు బ్యాగులో వేసుకోండి. మగవాళ్లయితే టై గురించి ముందే బాసుని అడిగేయడం మంచిది, మా దగ్గర రెండో రోజుకి ఎవరి మెడలోనూ ఉండదు. ఇదంతా హాలు లోపలి లెక్క. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ అయితే ఆరుబయట దుమ్ము, జనవరి చలి, నెలన్నర పాటు. అక్కడ శాలువా, కాలంతా కప్పే బూట్లు ఉండాలి.

ఒకటి మర్చిపోయాను. మామూలు షెల్ స్కీమ్ స్టాల్ (నిర్వాహకులే గోడలు కట్టి ఇచ్చేది) అంటే మూడు మీటర్ల చదరం, సిమెంటు నేల మీద పల్చటి కార్పెట్ అతికిస్తారు. ఎంత మంచి బూట్లయినా మూడో రోజుకి నడుం పట్టేస్తుంది. మీరు నిలబడే చోట కార్పెట్ కింద ఫోమ్ షీటు వేయమని స్టాల్ కాంట్రాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేయండి. అతికించేశాక అడిగితే ఎవరూ ఊడదీయరు.