టర్బో కారుకు కంపెనీ మ్యానిఫోల్డ్ తీసేసి స్టీల్ హెడర్స్ వేయిద్దామనుకుంటున్నాను. ఎలాంటివి ఎంచుకోవాలి?

వేయించొద్దు. మీరు అడిగింది ఎలాంటివి ఎంచుకోవాలని కాబట్టి అక్కడికీ వస్తాను. కానీ రోజూ రోడ్డు మీద తిరిగే కారైతే నా జవాబు మొదటి మాటతోనే అయిపోయింది. తెలియనివాళ్లకు ఒక మాట: సిలిండర్ల పొగను ఒక్కచోటికి చేర్చే కంపెనీ పోత ఇనుప ముక్క మ్యానిఫోల్డ్, దాని బదులు విడివిడి స్టీలు పైపులు వెల్డు చేసి చేసేవి హెడర్స్. ఆ పొగతో తిరిగి ఇంజనులోకి గాలి ఎక్కువగా తోసేది టర్బో.

నాది నెల్లూరు ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ పని. నేర్చుకున్నది మాత్రం కార్ల మీద కాదు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో స్టెయిన్‌లెస్ పైపులైన్ల మీద. అందుకే తళతళలాడే పైపు తెచ్చి చూపిస్తే నేను మురిసిపోను. లోపలివైపు అతుకు ఎలా ఉందో చూపించమంటాను.

టర్బో లేని ఇంజనుకు పొడుగాటి హెడర్స్ వేస్తే లాభం ఉంది. ఒక సిలిండర్ పొగ పోతూ పోతూ ఇంకో సిలిండర్ పొగను లాక్కుపోతుంది. టర్బో ఉన్నచోట లెక్క వేరు. పొగకు అడ్డంగా టర్బైన్ చక్రం ఉంటుంది, దాన్ని తిప్పాల్సింది ఆ పొగలో ఉన్న వేడి, ఒత్తిడి. పైపు పొడుగైనా, లావైనా ఆ వేడి కొంత దారిలోనే పోతుంది, ఒత్తిడి మెత్తబడుతుంది, టర్బో ఆలస్యంగా లేస్తుంది. సమాన పొడవు పైపుల సత్తా తెలిసేది పై ఆర్‌పీఎంలో, అదీ పెద్ద టర్బో, మంచి ట్యూనింగ్ తోడైనప్పుడు. ట్రంకురోడ్డులో ఆటోల మధ్య రెండో గేరులో నడిపే మనకు ఆ ఆర్‌పీఎం ఎప్పుడు కనపడాలి?

ఆ మధ్య ముత్తుకూరు వైపు నుంచి ఒక కుర్రాడు పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ తెచ్చాడు. 1.8 టర్బో పెట్రోలు, సిలిండరుకు ఐదు వాల్వులు. బంగారం లాంటి ఇంజను. వెంట వాళ్ల నాన్న కూడా వచ్చాడు, రొయ్యల చెరువుల ఆసామి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని శబ్దం, బండి వేడెక్కాక అదే తగ్గిపోతుంది. ఒక మెకానిక్ ట్యాపెట్లు (వాల్వులను నొక్కే ముక్కలు) పోయాయని చెప్పి మార్చేశాడట, డబ్బులూ తీసుకున్నాడట. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోయే శబ్దమంటే ముందు మ్యానిఫోల్డ్ లీకు చూడాలి. లోహం సాగి సందు మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగిపోతుంది. ఇంజను చేతిలో పెట్టుకుని ఈమాత్రం తెలుసుకోకపోతే ఎట్టా?

కుర్రాడు వేయించుకున్న హెడర్ విప్పి బల్ల మీద పెట్టాను. ఆన్‌లైన్‌లో కొన్నదే. నాలుగు పైపులు కలిసేచోట వెల్డు పక్కనే సన్నని పగులు, చుట్టూ నల్లగా మసి. బయట వెల్డు మీద నీలం, బంగారు రంగులు, చూడముచ్చటగా ఉంది. టార్చి వేసి లోపలికి చూస్తే మాడిపోయిన బెల్లం పాకంలా గరుకుగా నల్లటి పొక్కులు. వెల్డు వేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి, నింపకపోతే ఇట్టాగే అవుతుంది. ప్లాంటులో ఇలాంటి అతుకు వేస్తే సూపర్‌వైజరు అక్కడికక్కడే పైపు కోయించి పారేయించేవాడు. పైగా ఫ్లాంజి, అంటే ఇంజనుకు బిగించే పలక, ఆరు మిల్లీమీటర్ల మందం కూడా లేదు, వేడికి వంగిపోయింది. స్కేలు ఆనించి చూస్తే మధ్యలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) సులువుగా దూరింది. అన్నిటికంటే ఘోరం, టర్బో బరువంతా ఆ పైపులే మోస్తున్నాయి, కింద ఆసరాగా బ్రాకెట్ లేదు.

హెడర్లకు మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడుగు పొడవు పైపు 700 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. పోత ఇనుము అంత సాగదు. స్టీలు పైపు చల్లారినప్పుడల్లా వెనక్కి ముడుచుకుంటుంది. ఒక చివర హెడ్‌కు బిగించి, రెండో చివర టర్బోను వేలాడదీస్తే ఆ లాగుడంతా వెల్డు మీదే పడుతుంది.

"అబ్బయా, కంపెనీది యాడ పెట్టావు?" అని అడిగాను. కుర్రాడు తల గోక్కున్నాడు. వాళ్ల నాన్న అందుకున్నాడు, "అది యాడికీ పోలేదు, షెడ్డులో మేత బస్తాల మీద పట్టా ఎగిరిపోకుండా బరువు పెట్టుండా." మర్నాడు తెచ్చారు. పైన తుప్పు, లోపల మాత్రం చెక్కుచెదరలేదు. ఫేసింగ్ చేయించి (ఆనే ముఖం సమం చేయించి), కొత్త స్టడ్లు, కొత్త మెటల్ గ్యాస్‌కెట్ వేసి బిగించాం. శబ్దం పోయింది. కుర్రాడు మాత్రం "సౌండు తగ్గిపోయిందే అన్నా" అని మొహం వేలాడేశాడు. పవరు పేరు చెప్పి అసలు కావలసింది సౌండు! దానికోసం పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా కోయించేవాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది. అయినా రాత్రిళ్లు మా వీధిలో ఆ మోత ఆగదు.

చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలను చూడండి. అన్నీ టర్బోలే, అన్నిటికీ పోత ఇనుమే. పెద్ద ఆరు సిలిండర్ల ఇంజన్లలో అయితే మ్యానిఫోల్డ్‌ను ముక్కలుగా చేసి, సాగడానికి జారే జాయింట్లు పెడతారు. డీజిల్ పొగకు అంత వేడి ఉండదు కదా అంటారేమో. పెట్రోలు టర్బోలో 900 డిగ్రీలు కూడా దాటుతుంది, అప్పుడు ఇంకా గట్టిది కావాలి కదా!

ఇంత చెప్పినా వేయించాల్సిందే, ట్రాక్ మీద తిప్పుతానంటే వినండి. గోడ మందం 1.6 మిల్లీమీటర్ల పైపు వద్దు, షెడ్యూల్ 10 (పైపు గోడ మందం లెక్క) అడగండి, ఒకటింపావు అంగుళం సైజులో ఆ మందం 2.77 మిల్లీమీటర్లు ఉంటుంది. డబ్బుంటే 321 గ్రేడు, అందులో టైటానియం ఉంటుంది కాబట్టి వెల్డు దగ్గర వేడికి 304 కంటే బాగా ఆగుతుంది. ఫ్లాంజి 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టర్బోకు బ్రాకెట్ తప్పనిసరి. పొగకు రెండు దారులుండే ట్విన్ స్క్రోల్ టర్బో అయితే నాలుగు సిలిండర్ల ఇంజనులో 1, 4 సిలిండర్ల పైపులు ఒక జతగా, 2, 3 ఒక జతగా కలపాలి. పైపులకు వేడి ఆపే గుడ్డ చుట్టించొద్దు, లోహం ఇంకా కాగిపోయి తొందరగా పగులుతుంది. ఇక అయస్కాంతం ఆనించి "చూడు, పట్టలేదు, 304" అని అమ్మేవాళ్లను నమ్మొద్దు. గేట్లకు, రెయిలింగులకు వాడే 202 చౌక స్టీలుకూ అయస్కాంతం పట్టదు. చుక్క మందు వేసి చూసే టెస్టు కిట్ ఉంటుంది, దాంతో చూపించమనండి.

ప్రశ్నలో మీ కారు పేరు రాయలేదు. ఫోక్స్‌వాగన్, స్కోడాల 1.0 టీఎస్ఐ ఇంజను గానీ, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ గానీ అయితే మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌తో కలిపే పోత పోసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగిస్తారు. అలాంటి ఇంజనుకు ఎవరైనా హెడర్ అమ్ముతానంటే, వాళ్లు ఇస్తున్నది టర్బో తర్వాత వచ్చే డౌన్‌పైపు. దానికి హెడర్ రేటు ఇవ్వకండి.