‘నాకెందుకొచ్చిన గొడవ’ అనే హీరో

క్రైమ్, సాహస నవలలు రాసే పాఠకుల సందేహాలకు ఈ పేజీలో జవాబులిస్తున్నాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, అక్కర్లేని సాహసం మెడకు చుట్టుకున్న మామూలు మనుషుల గురించే.

ప్రశ్న: నా నవలలో హీరో ఆర్టీసీ కండక్టర్. ఆఖరి ట్రిప్పులో సీటు కింద డబ్బు సంచి దొరుకుతుంది. దానికోసం హంతకులు వెంటపడతారు. చదివినవాళ్లంతా ‘పోలీసులకిచ్చేస్తే పోయేదానికి ఇంత కథెందుకు?’ అంటున్నారు. (తెనాలి నుంచి)

జవాబు: వాళ్లడిగింది న్యాయమే. ఈ రకం కథ నిలబడేదీ కూలబడేదీ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే. ‘అతనికి పోలీసులంటే భయం’ అని ఒక వాక్యం రాసి దాటేస్తే కుదరదు. మామూలు మనిషి వెళ్లగలిగిన తలుపులన్నీ పాఠకుడు చూస్తుండగా ఒక్కొక్కటే మూసుకోవాలి.

జాన్ బకన్ నవల ‘ది థర్టీనైన్ స్టెప్స్’ (1915) తీసుకోండి. రిచర్డ్ హానే గనుల ఇంజనీరు. ఆఫ్రికాలో నాలుగు డబ్బులు సంపాదించుకుని లండన్ వచ్చి, పొద్దుపోక విసిగిపోయి ఉన్నాడు. అతని ఫ్లాట్‌లో తలదాచుకున్న మనిషి ఒక రాత్రి కత్తిపోటుతో చచ్చి పడి ఉంటాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే? శవం ఉన్నది తన ఇంట్లో. చచ్చినవాడు చెప్పిన కుట్ర ఎవరికి చెప్పినా నవ్వుతారు. ‘ఇతను మంచివాడు’ అని పూచీ పడేందుకు ఆ దేశంలో పాత స్నేహితుడంటూ లేడు. పైగా కుట్ర జరగాల్సింది జూన్ 15న. అప్పటిదాకా అతను జైల్లో ఉంటే శత్రువులకు కావలసింది కూడా అదే. ఇంత లెక్క వేసుకున్నాకే పారిపోతాడు. అందుకే మనకు తిక్కగా అనిపించదు.

ఎరిక్ ఆంబ్లర్ 1938లో ‘ఎపిటాఫ్ ఫర్ ఎ స్పై’ నవలలో దీన్ని తిరగేశాడు. అక్కడ హీరోని రొంపిలోకి తోసేది పోలీసులే. జోసెఫ్ వడాసీ భాషలు నేర్పే పంతులు, ఏ దేశపు పౌరసత్వమూ లేనివాడు. ఫ్రాన్సులో సెలవులకు వెళ్లి బల్లుల ఫొటోలు తీసుకుంటాడు. రీలు కడిగిస్తే అందులో సైనిక రక్షణ ఏర్పాట్ల ఫొటోలు బయటపడతాయి. కెమెరా ఎవరిదో మారిపోయింది. హోటల్లో దిగినవాళ్లలో అసలు గూఢచారి ఎవరో కనిపెట్టు, లేకపోతే దేశం నుంచి వెళ్లగొడతాం అంటారు. వెళ్లడానికి అతనికి దేశమేదీ?

మీ కండక్టర్‌కు అడ్డుపడే తలుపుల్ని అతని ఉద్యోగంలోనే వెతకండి. దొరికిన సామాను డిపోలో అప్పగించాలన్నది మొదట అతనికే తట్టాలి. అయితే పోయిన నెలలో చెకింగ్ వాళ్లు రాసిన టికెట్ కేసు ఇంకా విచారణలో ఉందనుకోండి. సంచి జిప్పు సగం తెరిచి ఉంది, లోపల ఎంత ఉండాలో అతనికి తెలీదు. తగ్గిందని ఎవరన్నా అంటే సస్పెన్షన్ ఖాయం. పొద్దున్నే యూనియన్ నాయకుణ్ని వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దామని ఆ రాత్రికి ఇంటికి తీసుకెళ్తాడు. తెల్లారేసరికి డ్రైవరు హత్యకు గురవుతాడు. రాత్రి దాకా దొరికిన వస్తువుగా ఉన్నది ఇప్పుడు హత్య కేసులో సాక్ష్యమైంది, అదీ ఇతని మంచం కింద! పాఠకుడు ఇక ఆ ప్రశ్న అడగడు.

‘పోలీసులంతా విలన్ మనుషులే’ అనే అడ్డదారి మాత్రం తొక్కకండి. ‘దృశ్యం’ (2014) సినిమాలో కేబుల్ టీవీ రాంబాబు పోలీసుల దగ్గరికి వెళ్లలేకపోవడానికి కారణం ఇది: కూతురు కొట్టిన దెబ్బకు చనిపోయిన కుర్రాడు పోలీసు పెద్దాఫీసరు కొడుకు. ఆ ఒక్క ముడి చాలింది. అలాగే ‘ఇది మా పరిధి కాదు పో’ అని స్టేషన్‌లో తరిమేసే సీను ఈ కాలం కథలో రాస్తే, అది చట్టవిరుద్ధమని మీకు తెలిసే రాయండి. జీరో ఎఫ్ఐఆర్ (నేరం జరిగిన చోటు తమ పరిధిలో లేకపోయినా రాసుకోవాల్సిన ఎఫ్ఐఆర్) ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 పెట్టాలి. పాత ఐపీసీ నంబరు 302 అన్న మాట పాత హెడ్ కానిస్టేబుల్ నోట అలవాటుగా వస్తే సరే, ఎఫ్ఐఆర్‌లో రాకూడదు. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోగా, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అలా పెట్టకుండా మూడు రోజులు లాకప్‌లో ఉంచారంటే అది అక్రమ నిర్బంధం, కథలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాలి.

ప్రశ్న: హీరో ఎంతకాలం ‘వద్దు, నావల్ల కాదు’ అనాలి? నా సీరియల్‌లో ఆరో వారం వచ్చినా ఇంకా ఒప్పుకోలేదు. (నల్గొండ నుంచి)

జవాబు: పాఠకుడు ఈపాటికి పేజీ తిప్పేసి ఉంటాడు. హానే కథకు పది అధ్యాయాలు. రెండోదాంట్లోనే పాలవాడి వేషంలో ఇల్లు దాటేస్తాడు. ఇరవై వారాల సీరియల్ అనుకుంటే నాలుగో వారం ఆఖరికి మీ హీరో గడప దాటాలి. ఈలోపు మూడుసార్లు కాదనవచ్చు, కానీ కాదన్న ప్రతిసారీ ఏదో ఒకటి పోవాలి: మొదట నిద్ర, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత మనిషి. ఏమీ పోకుండా కాదంటూ ఉంటే అది బద్ధకంలా కనిపిస్తుంది. గడప దాటాక కూడా ఇష్టం పుట్టక్కర్లేదు. ఎలా బయటపడాలా అన్న ఆలోచనే అతన్ని నడిపించాలి.

ప్రశ్న: మామూలు మనిషి చివర్లో రౌడీల్ని కొడితే నమ్మించడం ఎలా? (బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కొట్టించకండమ్మా. అతని వృత్తి చేత గెలిపించండి. హానేని శత్రువులు సామాన్ల గదిలో బంధిస్తే అక్కడ పేలుడు మందు దొరుకుతుంది. గనుల్లో పనిచేసినవాడు కాబట్టి ఎంత పెట్టాలో, వత్తి ఎలా అమర్చాలో తెలుసు. అయినా ఆ పొగకు కడుపులో తిప్పి, ఒళ్లు హూనమై బయటపడతాడు. ఆ బాధే మనల్ని నమ్మిస్తుంది. పై ఉత్తరంలోని కండక్టర్‌నే చూడండి. ఏ స్టేజీలో ఎవరు ఏ సామానుతో ఎక్కారో గుర్తుంటుంది, టికెట్ మిషన్‌లో టైముతో సహా నమోదై ఉంటుంది, కదిలే బస్సులో చేతులు వదిలేసి నిలబడగలడు. ఒక క్లైమాక్స్‌కు ఇవి చాలు.

తప్పనిసరై చెయ్యి చేసుకుంటే ఈ మూడు పొరపాట్లు రాకుండా చూసుకోండి. అలవాటు లేనివాడు పిడికిలితో దవడ మీద గుద్దితే చాలాసార్లు విరిగేది అతని చిటికెన వేలి కింది ఎముకే. తలమీద దెబ్బతో అరగంట స్పృహ తప్పినవాడు లేచి పరిగెత్తడు, అది ఆసుపత్రి కేసు. క్లోరోఫాం రుమాలు క్షణంలో పని చేయదు, నిమిషాలు పడుతుంది, అంతసేపూ మనిషి పెనుగులాడుతూనే ఉంటాడు.

ప్రశ్న: ఇలాంటి హీరోతో రెండో నవల రాయొచ్చా? (తెనాలి నుంచే)

జవాబు: రాయొచ్చు గానీ, అప్పటికి అతను మామూలు మనిషిగా మిగలడు. 1916లో వచ్చిన బకన్ రెండో హానే నవల ‘గ్రీన్‌మాంటిల్’లో హానే సైన్యంలో మేజరు, పని అప్పగించేది ప్రభుత్వమే. మీ కండక్టర్‌ను కూడా వేరే దారిలోనే దింపాలి. అదే బస్సులో, అదే సీటు కింద రెండో సంచి దొరికిందంటే డిపో మేనేజరే నమ్మడు.