తిరుపతి ఫ్లాట్‌లో చిన్న క్లాత్ బ్యాగుల్లో పోసిన మిరప నారు సాగి పడిపోతోంది, హీట్ మ్యాట్ కొనాలా?

వద్దండి. తిరుపతిలో కాపురముంటూ, కింద పరిచి కరెంటుతో వేడెక్కించే ఆ పట్ట కొని విత్తనాలకు వేడి ఇవ్వడమేంటి? ఆ డబ్బుతో రెండు వెడల్పాటి ట్రేలు, ఒక ట్యూబ్‌లైటు వస్తాయి, మీకు కావాల్సింది అవే.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. నాలుగంగుళాల క్లాత్ బ్యాగులు ఆన్‌లైన్‌లో తెప్పించారు, ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి బెడ్‌రూమ్‌లో బీరువా మీద పెట్టారు, పది రోజులకు మొలిచాయి, ఇప్పుడు దారప్పోగుల్లా సాగి ఒక్కొక్కటే పక్కకు వాలుతున్నాయి, కొన్ని బ్యాగుల్లో అసలు మొలవనే లేదు. వీడియోల్లో అందరూ కింద హీట్ మ్యాట్ పరుస్తున్నారు కాబట్టి లోపం అక్కడే ఉందేమోనని మీ అనుమానం. ఈ బీరువా మీద వ్యవహారం నేనూ చేశాను, కాకపోతే నాది అటక.

మూడేళ్ళ కింద మొదటిసారి ఇరవై నాలుగు బ్యాగులు పెట్టాను. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ అటక వైపు చూసి, "ఇంట్లో నారు పోసేదేంది అబ్బోడా, అదేమన్నా పురిట్లో బిడ్డా, గాలి తగలకుండా దాచిపెట్టేదానికి" అనింది. నేను నవ్వేసి ఊరుకున్నా. రెండు వారాలకు ఇరవై నాలుగులో నాలుగు మిగిలాయి, అవి కూడా నిలబడ్డాయనలేం, అగ్గిపుల్లలు ఊతమిచ్చి నిలబెట్టినవి.

ఆ వీడియోలు చేసేవాళ్ళ ఊళ్ళలో ఫిబ్రవరి, మార్చిలో బయట మంచు. మిరప విత్తనం బాగా మొలవాలంటే 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, వాళ్ళ ఇళ్ళలో అంత ఉండదు కాబట్టి మ్యాట్ పెట్టుకుంటారు, బయట చలి తగ్గేదాకా మొక్కను ఇంట్లోనే పెంచుతారు. మనకు డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు కాస్త చల్లబడితే మొలక నాలుగైదు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. మనకు ఉన్న ఇబ్బంది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: వేసవిలో మేడ మీద పెడితే మట్టి 35 దాటిపోయి విత్తనం మొలవడమే తగ్గిపోతుంది. కాబట్టి ఇక్కడ ఇంట్లో నారు పోయడం ఎండ దెబ్బ నుంచి, కుండపోత వాన నుంచి, ఉడుతల నుంచి, అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్ళకైతే కోతుల నుంచి కాపాడుకోవడానికి మాత్రమే. అది కూడా మొలక కనిపించేదాకానే.

మొలక పైకి వచ్చేటప్పుడు మెడ వంచుకుని వస్తుంది, చూసే ఉంటారు, చిన్న కొక్కెంలాగా. అది కనిపించిన రోజే బయటికి తేవాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. గదిలో కిటికీ పక్కన మన కంటికి వెలుతురుగానే ఉంటుంది కానీ మొక్కకు అది చీకటి కిందే లెక్క, వెలుగు వెతుక్కుంటూ రెండు మూడు రోజుల్లోనే చూపుడువేలంత సాగిపోతుంది. ఒకసారి అలా సాగిన కాండం మళ్ళీ లావెక్కి నిలబడడం కష్టం. తూర్పు బాల్కనీ ఉంటే ఉదయం తొమ్మిదిన్నర దాకా ఎండ తగిలేలా పెట్టండి, తర్వాత నీడ, రోజుకో అరగంట చొప్పున పెంచుకుంటూ పోండి. బాల్కనీకి ఎండే రాకపోతే 20 వాట్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు చాలు, మొక్కకు జానెడు కంటే తక్కువ ఎత్తులో వేలాడదీసి రోజుకు 14 గంటలు వెలిగించండి. గ్రో లైట్ అని ఊదారంగులో అమ్మేవి కూడా పనిచేస్తాయి గానీ ఆ గదిలో కూర్చుంటే తలనొప్పి, మా ఇంట్లో రెండో రోజే దాన్ని పీకేయించారు.

ఇక క్లాత్ బ్యాగులు. పెళ్ళిళ్ళలో తాంబూలం ఇచ్చే సంచులు ఉంటాయి కదా, నేయకుండా అతికించినట్టుండే గుడ్డ, చాలావరకు ఈ చిన్న బ్యాగులు కూడా అదే రకం. ప్లాస్టిక్ కప్పులో అయితే వేరు గోడకు తగిలి చుట్టూ తిరుగుతుంది, నాటేసరికి అదొక చుట్టకుదురు. గుడ్డలో వేరు కొస బయటికి తొంగిచూసి, గాలి తగిలి అక్కడే ఎండిపోతుంది, దాని వెనక నుంచి పిల్లవేర్లు పుట్టుకొస్తాయి. నాలుగో వారంలో బ్యాగు పక్కలు చూస్తే తెల్లటి నూలు కొసల్లాంటివి బయటికొచ్చి చివర గోధుమరంగులోకి మాడి ఉంటాయి. తెగులేమో అని నేను మొదట కంగారుపడ్డాను, నిజానికి బ్యాగు తన పని తాను చేస్తోందన్నమాట.

కానీ వేరుకు గాలి తగిలే ఆ గోడల్లోంచే తడి కూడా పోతుంది. నాలుగు పక్కలా, అడుగునా ఆరిపోతుంది. మార్చిలో మా బాల్కనీలో పొద్దున తడిపిన బ్యాగు సాయంత్రం నాలుక్కి ఎత్తితే ఖాళీ సంచిలాగా ఉండేది. ఒక శనివారం పొద్దున ఊరికి పోయి ఆదివారం రాత్రి వచ్చేసరికి పద్దెనిమిది బ్యాగులు గట్టిపడిపోయాయి, మొక్కలు తల వేలాడేశాయి. గబగబా మగ్గుతో నీళ్ళు పోశాను. ఇక్కడే అసలు చిక్కు: పూర్తిగా ఎండిన కోకోపీట్ నీటిని పీల్చదు, పోసిన నీళ్ళన్నీ పక్క సందుల్లోంచి కిందికి కారిపోయాయి, పైన తడిగా కనిపించింది, వేలు పెట్టి తవ్వితే లోపల పొడి. మీ బ్యాగుల్లో మొలవనివి కూడా చాలావరకు ఇందుకే మొలవలేదనుకుంటా, విత్తనం ఒకసారి ఉబ్బి, మొలక కదిలాక ఒక్కపూట ఎండినా చచ్చిపోతుంది.

అందుకని పై నుంచి మగ్గుతో పోయడం మానేశాను. బ్యాగులన్నీ ఒక వెడల్పాటి ట్రేలో ఒకదానికొకటి ఆనుకునేలా సర్దుతాను, అప్పుడు బయటి వరస తప్ప లోపలివి త్వరగా ఆరవు. ట్రేలో అరంగుళం నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు వదిలేస్తే అవి కింది నుంచి పీల్చుకుంటాయి, మిగిలిన నీళ్ళు వంపేయాలి. వంపడం మర్చిపోతే వేర్లు కుళ్ళడం, గుడ్డ మీద పచ్చటి పాచి, చిన్న నల్ల ఈగలు, అన్నీ వరుసగా వస్తాయి. తడి చూడ్డానికి మీటర్లు అక్కర్లేదు, బ్యాగు పక్కన బొటనవేలితో నొక్కితే వేలికి చల్లగా తగలాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. రెండు రోజులు చేస్తే బ్యాగును ఎత్తగానే బరువు తెలిసిపోతుంది. అయితే అలా ఆనించి పెట్టినవాటిని వారానికోసారి అటూ ఇటూ జరుపుతూ ఉండండి. నేను జరపక నెలయ్యేసరికి పక్కపక్క బ్యాగుల వేర్లు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి కత్తెరతో కోయాల్సి వచ్చింది.

బోరు నీళ్ళయితే నెల తిరిగేసరికి గుడ్డ మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. ఉప్పు అది. పదిహేను రోజులకోసారి మంచినీళ్ళు పై నుంచి నిదానంగా పోసి కిందికి కారనిస్తే చాలావరకు పోతుంది.

ఉత్త కోకోపీట్‌లో మొలుస్తుంది గానీ పెరగడానికి దాంట్లో ఏమీ లేదు. రెండు పాళ్ళు కోకోపీట్, దాన్ని కూడా రెండు మూడు నీళ్ళు కడిగి పిండింది, ఒక పాలు జల్లించిన వర్మీ కంపోస్ట్, పిడికెడు ఇసుక, అంతే. ఊళ్ళో చేను మట్టి మంచిదని ఒక బస్తా తెచ్చుకున్నా, అంత చిన్న బ్యాగులో ఎర్రమట్టి ఆరితే ఇటుకే. మూడో జత ఆకులు వచ్చేదాకా ఏ ఎరువూ వేయకండి, ఆ తర్వాత 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి.

విత్తనాన్ని ఇప్పుడు నేరుగా బ్యాగులో వేయడం లేదు నేను. తడి టిష్యూలో చుట్టి మూతున్న డబ్బాలో పెడితే ఐదారు రోజులకు తెల్లటి మొన బయటికొస్తుంది, అలా మొన వచ్చినవే టూత్‌పిక్ తడిపి దాని కొసతో ఎత్తి గోరు లోతున పెడతాను. ఖాళీ బ్యాగులనేవే ఉండవు. డబ్బాను వెచ్చగా ఉంటుందని ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టకండి, ఆ సలహా ఎక్కడో చదివి మా బామ్మర్ది పెట్టాడు, నీళ్ళు ఒలికి ఇంకో కథైంది.

వాలిపోతున్నవి రెండు రకాలు, మీవి ఏ రకమో కిందికి వంగి చూడండి. కాండం మొదలు పచ్చగానే ఉండి పొడవు వల్ల వాలితే అది వెలుతురు లోపం. మట్టి దగ్గర కాండం ఉడికినట్టు మెత్తబడి, సన్నగా నొక్కుకుపోయి పడితే నారుకుళ్ళు తెగులు. దాన్ని బతికించలేం, ఆ బ్యాగు తీసేసి మిగతావాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి మొదళ్ళ దగ్గర పోయండి, పైమట్టి ఆరేదాకా నీళ్ళు ఆపి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఈసారి మట్టి కలిపేటప్పుడే ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం) పొడి ఒక చెంచా వేస్తే ఇంత దాకా రాదు.

ఇంకోటి, అమ్మేవాడు బ్యాగుతో పాటే నాటేయొచ్చు, మట్టిలో కలిసిపోతుంది అని రాసుంటాడు. నమ్మే ముందు ఒక మూల చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో ముట్టించండి. బూడిదైతే నూలో జనపనారో, నాటొచ్చు. కరిగి నల్లటి ముత్యంలా ముడుచుకుందంటే ప్లాస్టిక్, అది ఎన్నాళ్ళకీ కలవదు. నేను ముట్టించి చూడకుండా ఆరు మొక్కలు అలాగే పెద్ద కుండీల్లో దించాను, మూడు నెలలకు కూడా మూరెడు దాటలేదు. పీకి చూస్తే గుడ్డ కొత్తదానిలా ఉంది, బయటికొచ్చిన వేర్లు దాని కన్నాల దగ్గర నొక్కుకుపోయి ఉన్నాయి. ఇప్పుడు నాటే ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, పక్కన బ్లేడుతో నిలువుగా కోసి, అరటిపండు తొక్క ఒలిచినట్టు తీసేస్తాను. పొడిగా ఉన్నప్పుడు తీయబోతే గుడ్డ అటూ ఇటూ వంగి మట్టిముద్ద పగిలిపోతుంది.

ఎప్పుడు పోయాలంటే, నా లెక్కలో ఆగస్టు, లేకపోతే జనవరి మొదట్లో. మిరప నారు 40 రోజుల్లో నాటడానికి వస్తుంది. ఆగస్టులో పోస్తే సెప్టెంబరు ఆఖరుకు పెద్ద కుండీల్లో పడి, అక్టోబరులో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేసరికి తట్టుకునే సైజుకు వస్తాయి. అక్టోబరులో పోస్తే లేత నారు నవంబరు వానలకు దొరుకుతుంది. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీకు చెప్పక్కర్లేదు, అంత కాకపోయినా రెండు రోజుల ముసురు చాలు లేత నారు పోవడానికి. మార్చి తర్వాత పోయకండి, పెరుగుతుంది గానీ మే ఎండలకు పూత నిలవదు, అంతా రాలిపోతుంది.

విత్తనం సంగతి, గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం రకాలు, ఎల్‌సీఏ 334 లాంటివి, దొరికితే తీసుకోండి, అవి హైబ్రిడ్లు కావు కాబట్టి తర్వాతి ఏడాదికి విత్తనం దాచుకోవచ్చు. వంటింటి ఎండుమిరపకాయల గింజలు కూడా మొలుస్తాయి, హైబ్రిడ్ కాయవైతే మాత్రం ఏ కాయ వస్తుందో వచ్చేదాకా తెలీదు. మాకు ఒకసారి ఊరిబిండికి (మా వైపు పచ్చడి) పది కాయలు వేసినా కారం పుట్టని రకం వచ్చింది. క్యాప్సికం అయితే మన ఎండకు నేను సలహా ఇవ్వను, అది కుప్పం, పలమనేరు వైపు చల్లదనానికే బాగుంటుంది.

బాల్కనీకి మారాక ఆకులు పైకి దొప్పల్లా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగబడ్డ పడవల్లా ముడుచుకుంటే నల్లి. మొదట్లోనే వేపనూనె లీటరుకు 3 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున సాయంత్రం పూట కొట్టండి.

ఇప్పుడు మీ దగ్గరున్నవాటిలో మొదలు గట్టిగా ఉన్నవి పారేయకండి. బ్యాగు అంచు ఇంకా పైకి ఉంటే మొదటి రెండు ఆకుల కింది దాకా తడి కోకోపీట్ పోసి పూడ్చేయండి. మిరప టమాటాలా కాండం పొడవునా వేర్లు వేయదు గానీ నిలబడుతుంది. సాయంత్రమే బాల్కనీలోకి మార్చండి, ఒకేసారి మధ్యాహ్నం ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. మిగతావి తీసేసి ఈ రాత్రే ఒక పదిహేను విత్తనాలు టిష్యూలో చుట్టండి. మీ బాల్కనీ ఏ దిక్కుకు ఉందో రాయలేదు, అది చెప్తే ఎండ వేళలు ఇంకాస్త సరిగ్గా చెప్తాను.