మూడు రోజులకు వచ్చే బ్లడ్ కల్చర్ రిపోర్టు ఎమర్జెన్సీలో ఎందుకు?

ప్రశ్న అడిగినాయన చెప్పింది ఇదీ: అత్తగారిని చలిజ్వరంతో మొన్న రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే సీబీపీ, సీఆర్పీ రక్తపరీక్షలు చేశాక కూడా ఇంకో రెండు వేలు కట్టించుకుని బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉంటే బాటిల్‌లో పెంచి పట్టుకునే పరీక్ష) తీశారట. రిపోర్టు మూడు రోజులకు గానీ రాదన్నారట, యాంటీబయాటిక్ మాత్రం ఆ గంటలోనే ఎక్కించారట. మందు ఎలాగూ ఇచ్చేశాక ఆ పరీక్ష బిల్లు పెంచడానికి కాకపోతే దేనికి అని ఆయన కోపం. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి తీసిన పరీక్షలన్నిట్లో మళ్లీ చేయించుకుందామన్నా కుదరనిది అదొక్కటే.

నేను గుంటూరులో మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌గా పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఆ కల్చర్ బాటిళ్లు రోజూ నా చేతుల మీదుగానే మెషీన్‌లోకి వెళ్తాయి. వాటి విలువ మనసుకు పట్టింది మాత్రం మూడేళ్ల కిందట, మా నాన్న విషయంలో.

నాన్నకు అప్పుడు 68 ఏళ్లు, పదిహేనేళ్ల నుంచి షుగరు. తెనాలి అవతల మా ఊరు. ఆదివారం సాయంత్రం పొలం నుంచి వచ్చి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నవాడు ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టాడట. లోపలికి తీసుకెళ్లి పడుకోబెడితే మంచం కోళ్లు నేల మీద టకటకలాడాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. రెండు దుప్పట్లు, పైన బొంత కప్పినా ఆగలేదు. అరగంటకు వణుకు తగ్గి ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఊళ్లో ఆరెంపీ వచ్చి ఒక ఇంజెక్షన్ చేసి, పొద్దున్నే టౌన్‌కు రక్తం పంపించాడు. వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్ అన్నారు. ఇక రెండు రోజులు పూటకొకటి చొప్పున సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తూ పోయారు. అమ్మ ఫోన్ చేసి "టైఫాయిడంటమ్మా, ఇంజెక్షన్లు చేస్తున్నాడు, నువ్వు కంగారు పడకు" అంటే సరేనన్నాను. ఆ సరే అన్న మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది.

ఈ వైడాల్ గురించి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే నాకు మనసు ఆగదు. ఆ పరీక్ష వచ్చింది 1896లో. అది రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందో లేదో చూడదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినా, టీకా వేయించుకున్నా, వేరే జ్వరం వచ్చినా కూడా పాజిటివ్ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ వచ్చినవాళ్లకు మొదటి వారంలో నెగటివ్ కూడా రావచ్చు. మన రెండు రాష్ట్రాల్లో "నాకు ఏటా టైఫాయిడ్ వస్తుంది" అనేవాళ్లు ప్రతి వీధికీ ఉన్నారు, వాళ్లలో చాలామందికి వచ్చేది టైఫాయిడ్ కాదు, వైడాల్ రిపోర్టు. అసలు టైఫాయిడ్‌ని నమ్మకంగా పట్టుకోవాలన్నా తీయాల్సింది బ్లడ్ కల్చరే.

మంగళవారం రాత్రి తమ్ముడు నాన్నను కారు వెనక సీట్లో పడుకోబెట్టి గుంటూరు తీసుకొచ్చాడు. మా ఆసుపత్రిలో ఐసీయూ బెడ్ ఖాళీ లేక వేరే ఆసుపత్రికి వెళ్లాం. క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద బీపీ 84/50 ఉంది, పల్స్ 128. నన్ను చూసి మా మేనత్త పేరుతో పిలిచాడు. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయింది. జ్వరంలో పలవరింత అని తమ్ముడు అనుకున్నాడు. నాకు కాళ్లు వణికాయి, ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషి బీపీ పడిపోయి మాట తడబడిందంటే దాన్ని ఏమంటారో నాకు తెలుసు. సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలే దెబ్బతినే స్థితి.

అక్కడి సిస్టర్ ఒక సిరంజితో ఐదు మిల్లీలీటర్లు తీసింది. అందులోంచి సీబీపీ ట్యూబులో కొంత, క్రియాటినిన్‌కి కొంత పోసి, అడుగున మిగిలిన రెండు చుక్కలు కల్చర్ బాటిల్‌లో పొడవబోయింది. ఒక్కటే బాటిల్. ప్లాస్టిక్ మూత తీసి కింద రబ్బరు తుడవలేదు. పక్కన ట్రేలో యాంటీబయాటిక్ కలిపి సిద్ధంగా ఉంది.

"సిస్టర్, కల్చర్‌కి వేరేగా తీయండి, రెండు చేతుల నుంచీ తీయండి" అన్నాను.

"మేడమ్, బీపీ లేని పేషెంటుకి వెయిన్ దొరకడమే గగనంగా ఉంది. మీరు కాస్త బయట ఉండండి."

ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆ రాత్రి పదకొండు మంది పేషెంట్లకు ఇద్దరే సిస్టర్లు. డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తి నేను ఫలానా అని చెప్పాను. ఆవిడ "యాంటీబయాటిక్ ఆలస్యం చేయలేనండీ" అంది. "ఆలస్యం చేయొద్దు మేడమ్, ఐదు నిమిషాలివ్వండి, తీసిన మరుక్షణం ఎక్కించండి" అని బతిమాలాను. ఆవిడ ఒక్క క్షణం నాన్న వైపు చూసి, గ్లవ్స్ తొడుక్కుని తనే వచ్చింది. అలాంటి డాక్టర్ దొరకడం మా అదృష్టం.

మోచేతి మడత దగ్గర క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్ది, అది ఆరేదాకా అర నిమిషం ఆగింది. ఆ అర నిమిషం చాలామంది ఆగరు, తుడిచిన వెంటనే పొడిచేస్తారు, మందు పని చేసేది ఆరేటప్పుడే. రబ్బరు మూతలు స్పిరిట్‌తో తుడిచింది. సూది గుచ్చగానే బాటిల్ లోపలి వాక్యూమ్ రక్తాన్ని తనంతట తనే లాక్కుంటుంది. లేబుల్ పక్కన గీత ఉంటుంది, నేను వంగి ఆ గీత మీదే కళ్లు పెట్టాను, పది మిల్లీలీటర్లు వచ్చేదాకా. కుడి చేతి నుంచి రెండు బాటిళ్లు, ఎడమ చేతి నుంచి రెండు, ఒక జతలో గాలి అవసరమైన క్రిములకు ఒకటి, గాలి లేకుండా పెరిగేవాటికి ఒకటి. మొత్తం నలభై మిల్లీలీటర్లు. "ఆయనకే ఒంట్లో నెత్తురు లేదు, మళ్లీ ఇంత లాగుతారా" అని అమ్మ ఏడ్చింది. రక్తదానంలో 350 మిల్లీలీటర్లు ఇస్తాం, ఇది అందులో ఎనిమిదో వంతు కూడా ఉండదని చెప్పినా ఆ టెన్షన్‌లో ఎవరికి ఎక్కుతుంది!

అంత రక్తం ఎందుకంటే, నెత్తురులో బ్యాక్టీరియా ఉందనగానే కుప్పలు తెప్పలుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. పెద్దవాళ్లలో చాలాసార్లు ఒక మిల్లీలీటరు రక్తానికి ఒక్క క్రిమి కూడా ఉండదు. రెండు మిల్లీలీటర్లు పోసి నెగటివ్ వచ్చిందని సంతోషపడితే ఆ రిపోర్టుకు అర్థం లేదు. మా ల్యాబ్‌కు వచ్చే బాటిళ్లలో గీత దాకా నిండినవి సగం కూడా ఉండవు, ఇది నా అసలు బాధ. రెండు చేతుల నుంచీ తీయడానికి కారణం ఇంకొకటి. చర్మం మీద అందరికీ ఉండే స్టెఫైలోకాకస్ రకాలు సూదితోపాటు లోపలికి వచ్చేస్తాయి. ఒక్క బాటిల్‌లోనే అది మొలిస్తే సాధారణంగా చర్మం మీదిదే అనుకోవచ్చు, రెండు చేతుల రక్తంలోనూ మొలిస్తే తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే బాటిల్ తీస్తే ఏది నిజమో తేలక, లేని జబ్బుకు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించుకున్నవాళ్లను చూశాను.

మందుకు ముందే ఎందుకు తీయాలనేదానికి ఒక మంచి లెక్క ఉంది. అమెరికా, కెనడా ఎమర్జెన్సీల్లో సెప్సిస్ ఉన్న 325 మందికి యాంటీబయాటిక్‌కు ముందొకసారి, ఇచ్చాక రెండు గంటల లోపు ఇంకోసారి కల్చర్ తీసి చూశారు, 2019లో అచ్చయింది. ముందు తీసినప్పుడు 31 శాతం మందిలో క్రిమి దొరికితే, తర్వాత తీసినప్పుడు 19 శాతంలోనే దొరికింది. రెండు గంటలకే అంత తేడా వస్తే, మా నాన్నలాగా రెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చేవాళ్ల సంగతి ఆలోచించండి. మనకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే.

ఇక మూడు రోజుల సంగతి. రిపోర్టు మూడు రోజులకు వస్తుందనడం సగమే నిజం, అది వాయిదాల్లో వస్తుంది. మర్నాడు మధ్యాహ్నం, బాటిళ్లు పెట్టిన పదమూడు గంటలకు, ఆ ల్యాబ్‌లో నాతో చదువుకున్నమ్మాయి ఫోన్ చేసింది, "అక్కా, మోగింది" అని. లోపల క్రిమి పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే బాటిల్ అడుగున ఉండే బిళ్ల రంగు మారుతుంది, మెషీన్ పది నిమిషాలకోసారి దాన్ని చూస్తూ ఉంటుంది, మారితే మోగుతుంది. నేను వెళ్లేసరికి నీలిపచ్చగా ఉండాల్సిన బిళ్ల నిమ్మపండు రంగులో ఉంది. స్లైడ్ మీద గ్రామ్ స్టెయిన్ చేసి చూస్తే గులాబీ రంగు కడ్డీలు, ఫీల్డు నిండా. గులాబీ రంగంటే గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా. ఇలాంటి స్లైడ్లు వేలు చూసి ఉంటాను. ఇవి మా నాన్న నెత్తుట్లోవి అనుకునేసరికి మైక్రోస్కోప్ ఫోకస్ తిప్పే చెయ్యి ఆగిపోయింది.

ఆ ఒక్క ఫోన్ కాల్‌తో వైద్యం మారింది. గ్రామ్ నెగటివ్ అని తెలియగానే, సెఫ్ట్రయాక్సోన్ రెండు రోజులు ఇచ్చినా మొలిచిందంటే దానికి లొంగే రకం కాదని డాక్టర్లు ఆ రాత్రి మొదలుపెట్టిన పిప్‌టాజ్ అనే యాంటీబయాటిక్ ఆపి మెరోపెనెమ్ మొదలుపెట్టారు. రెండో రోజు పేరు తెలిసింది, ఈ-కొలై. మూత్రంలో చీము కణాలున్నాయని సీయూఈలో (మూత్ర పరీక్షలో) ముందే వచ్చింది కాబట్టి స్కానింగ్ చేస్తే, ఎడమ కిడ్నీ కింది గొట్టంలో రాయి అడ్డం పడి ఉంది. మూత్రం దిగడానికి డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం వేశారు. మూడో రోజు, ఏ మందుకు క్రిమి చస్తుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టులో సెఫ్ట్రయాక్సోన్ ఎదురుగా "ఆర్" అని ఉంది, రెసిస్టెంట్ అని. ఊళ్లో రెండు రోజులు ఎక్కించిన మందు దాన్ని తాకనే లేదు. టైఫాయిడ్ లేదు, ఏమీ లేదు.

ఇన్‌ఫెక్షన్ ఉందేమో సూచించే సీఆర్పీ, ప్రోకాల్సిటోనిన్ పరీక్షలు చాలవా అని కింద ఇంకొకరు అడిగారు. సీఆర్పీ దెబ్బ తగిలినా, కీళ్లవాతానికైనా పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్ కొంచెం నయమే కానీ పెద్ద ఆపరేషన్ తర్వాతా, కిడ్నీ దెబ్బతిన్నప్పుడూ అదీ పెరుగుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అనేది దాని మీద ఆధారపడి నిర్ణయించొద్దని సెప్సిస్ మీద 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. ఆ రెండూ ఏ క్రిమో చెప్పవు, ఏ మందుకు చస్తుందో చెప్పవు. బిల్లు తగ్గించుకోవాలంటే వైడాల్ వద్దనండి, రోజూ తీసే ప్రోకాల్సిటోనిన్ ఎందుకని అడగండి. కల్చర్ మాత్రం వద్దనకండి.

అలాగని ప్రతి జ్వరానికీ తీయమనను. ఇల్లంతా జలుబు, ఒళ్లునొప్పులతో ఉండి తిరుగుతూ తింటూ ఉన్న కుర్రాడికి అక్కర్లేదు. మంచం కదిలేంత వణుకు వస్తే, బీపీ పడిపోతే, మాట తేడాగా ఉంటే, షుగరు ఉన్న పెద్దవాళ్లైతే, డయాలసిస్ కోసమో కీమో కోసమో ఒంట్లో గొట్టం ఉంటే మాత్రం కచ్చితంగా తీయాలి. ఆ వణుకును మన ఊళ్లలో చలిజ్వరమని తేలిగ్గా తీసేస్తారు, నా దృష్టిలో థర్మామీటర్ చూపించే నంబరుకన్నా అదే పెద్ద సూచన.

ఇంకో మాట. సెఫ్ట్రయాక్సోన్ లాంటి మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మా ఊళ్లో మెడికల్ షాపులో ఆ రిజిస్టర్ ఎలా ఉంటుందో నేను ఇంతవరకు చూడలేదు. కిరాణా కొట్టులో చక్కెర అడిగినట్టు అడిగితే ఇచ్చేస్తారు, నాన్నకు ఇచ్చింది అలాగే.

నాన్న పదకొండో రోజు ఇంటికొచ్చాడు. మిగిలిన రోజులకు రోజుకొక్కసారి ఇచ్చే ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ సరిపోతుందని ఆ సెన్సిటివిటీ రిపోర్టు చూసే చెప్పారు, లేకపోతే ఇంకో వారం ఆసుపత్రిలోనే ఉండేవాళ్లం.

మీరు అత్తగారి కల్చర్ మొన్న రాత్రి ఇచ్చామన్నారు. నెగటివ్ అని తేల్చడానికి ఐదు రోజులు ఉంచుతారు, అంటే ఆ బాటిళ్లు ఇంకా మెషీన్‌లోనే ఉండి ఉంటాయి. ఆవిడను రేపు డిశ్చార్జ్ చేస్తున్నారని రాశారు కదా, ఫైనల్ రిపోర్టు అప్పటికి రాదు. మా కౌంటర్‌లో అలా ఎవరూ తీసుకెళ్లని కల్చర్ రిపోర్టులు ఎప్పుడూ ఉంటాయి, వాటిలో పాజిటివ్‌లూ ఉంటాయి. ల్యాబ్ స్లిప్ మీద నంబరు ఉంటుంది, ఇల్లు చేరేముందే ఆ నంబరు చెప్పి "ఇప్పటిదాకా ఏమైనా మొలిచిందా, గ్రామ్ స్టెయిన్ ఏం వచ్చింది" అని అడగండి. ఫైనల్ వచ్చాక అది పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించి, ఆవిడ వాడుతున్న మాత్ర దానికి సరిపోతుందో లేదో కనుక్కోండి.